పార్టీ కార్డు, పింఛను సొమ్ము: రెంటి మధ్య గీత ఎక్కడ చెరుగుతోంది?

‘పార్టీ సభ్యత్వం తీసుకోకపోతే పింఛను ఆపేస్తారా?’ అధికారంలో ఎవరున్నా సరే, సభ్యత్వ నమోదు మొదలైందంటే విజయవాడ సింగ్‌నగర్‌లోనూ గుంటూరు లాలాపేటలోనూ ఈ ప్రశ్న వినిపిస్తుంది. సూటిగా చెప్పాలంటే ఆపరు, ఆపడానికి వీల్లేదు. ప్రభుత్వ పథకాల అర్హతను తేల్చేది ఆరు అంచెల పరిశీలన. కుటుంబ ఆదాయం నెలకు గ్రామాల్లో 10 వేలు, పట్టణాల్లో 12 వేల లోపు ఉందా? భూమి మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాల లోపేనా? కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటుతోందా? ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నారా? ఆదాయపు పన్ను కడుతున్నారా? కారు ఉందా? ఇలాంటివి చూస్తారు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ ఉంటే మినహాయింపు ఉంటుంది. పట్టణాల్లో ఇంటి విస్తీర్ణం కూడా లెక్కలోకి వస్తుంది. ఈ వరుసలో పార్టీ గడి అంటూ ఏదీ లేదు. గ్రామ, వార్డు సచివాలయంలోని కంప్యూటర్‌కు మీరు ఏ పార్టీయో తెలియదు.

అయినా ఈ భయం పోదు. జనం అమాయకులు కాబట్టి భయపడుతున్నారని తీసిపారేయడం అన్యాయం. గత పదేళ్లకు పైగా ఈ రాష్ట్రంలో పథకం చేతికందించే మనిషి, ఓటు అడిగే మనిషి చాలాసార్లు ఒకే వీధివాడు, ఒక్కోసారి ఒకే మనిషి కూడా. ఈ అయోమయం ఎక్కడ పుడుతోందో విడమరచి చూడటమే ఈ వ్యాసం పని.

పార్టీ, ప్రభుత్వం, రాజ్యం: మూడూ ఒకటి కావు

ఒకే విధమైన ఆలోచన ఉన్నవాళ్లు కలిసి పెట్టుకున్న సంఘమే పార్టీ. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 29ఎ సెక్షన్ కింద ఎన్నికల సంఘం దగ్గర నమోదవుతుంది. సంఘం పెట్టుకోవడమూ, అందులో చేరడమూ, చేరకుండా ఉండటమూ పౌరుడి ఇష్టం. ఎన్నికల్లో గెలిచిన పార్టీ శాసనసభ్యులు ఏర్పాటు చేసుకునే మంత్రివర్గం ప్రభుత్వం. అది ఐదేళ్లకోసారి మారవచ్చు. కలెక్టరేట్, ఖజానా, పోలీసు, కోర్టు, తహసీల్దార్ కార్యాలయం, సచివాలయం, వీటన్నిటి మీదా ఉండే రాజముద్ర రాజ్యం. ఇది ఎవరు గెలిచినా మారదు.

పింఛనుతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. నెలకు 4,000 చేస్తామన్న హామీ పార్టీది. దాన్ని జీవోగా మార్చింది ప్రభుత్వం. సొమ్ము వచ్చేది ఖజానా నుంచి, అంటే మన జీఎస్టీ నుంచి, రిజిస్ట్రేషన్ ఫీజుల నుంచి, మద్యం మీద పన్ను నుంచి, అప్పుల నుంచి. వేలిముద్ర వేయించుకుని నోట్లు లెక్కపెట్టి ఇచ్చే సచివాలయ ఉద్యోగి రాజ్యానికి చెందిన మనిషి. హామీ ఇచ్చినందుకు పేరు కోరుకునే హక్కు పార్టీకి ఉంది. ఆ డబ్బు మాదేనని చెప్పుకునే హక్కు మాత్రం లేదు.

ఈ విభజన మన ఒక్కరిదే కాదు. 1990లో కోపెన్‌హేగన్‌లో ఐరోపా దేశాలు, అమెరికా, కెనడా ఆమోదించిన పత్రంలోని 5.4 పేరా రాజ్యానికీ పార్టీలకూ మధ్య స్పష్టమైన విభజన ఉండాలని, పార్టీలు రాజ్యంలో కలిసిపోకూడదని అంటుంది. భారత్ అందులో భాగస్వామి కాదు. కానీ మన చట్టాలు వేర్వేరు చోట్ల ముక్కలు ముక్కలుగా చెప్పిన మాటను అది ఒక్క వాక్యంలో చెప్పింది.

సభ్యత్వ నమోదు నడిచే తీరు

పార్టీని బట్టి పద్ధతి మారుతుంది. తెలుగుదేశం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన నమోదుకు రుసుము 100 రూపాయలు, దానితోపాటు 5 లక్షల ప్రమాద బీమా. అంతకుముందు ఈ బీమా 2 లక్షలే. సభ్యులు కోటి దాటారని పార్టీ ప్రకటించింది. జనసేన క్రియాశీలక సభ్యత్వానికి 500 రూపాయలు; ప్రమాద బీమా 5 లక్షలు, గాయపడితే వైద్యానికి 50 వేల దాకా. బీజేపీ 2014-15లో మిస్డ్ కాల్ పద్ధతిలో దేశమంతటా నమోదు చేపట్టింది; 2024లో క్రియాశీల సభ్యుడు కావాలంటే 50 మందిని చేర్పించాలని షరతు పెట్టింది. కమ్యూనిస్టులది పూర్తిగా వేరే దారి. సీపీఎంలో ఇద్దరు సభ్యుల సిఫార్సుతో ముందు అభ్యర్థి సభ్యుడిగా చేరాలి, ఏడాది పనితీరు చూశాకే పూర్తి సభ్యత్వం ఇస్తారు. ఆపైన ఆదాయాన్ని బట్టి పార్టీకి లెవీ (చందా) కట్టాలి. అంటే ‘సభ్యుడు’ అనే ఒకే మాట ఒక పార్టీలో కార్యకర్తను, మరో పార్టీలో మిస్డ్ కాల్ ఇచ్చిన వ్యక్తిని సూచిస్తుంది. ఒక పార్టీ సభ్యుల సంఖ్యను మరో పార్టీ సంఖ్యతో పోల్చడంలో అర్థం లేదు.

వీధిలో జరిగేది ఇది. బూత్ స్థాయి కార్యకర్త ఫోన్లో యాప్ తెరుస్తాడు. ఓటరు గుర్తింపు కార్డు నంబరు కొడతాడు. పేరు, వయసు, చిరునామా, ఫోన్ నంబరు, ఫొటో, బీమా కోసం నామినీ పేరు ఎక్కిస్తాడు. ఓటీపీ చెప్పమంటాడు. రుసుము యూపీఐలో కడతారు, లేదా చేతికిస్తారు. తర్వాత కార్డు వస్తుంది.

తప్పులు జరిగేదీ ఇక్కడే. పైనుంచి లక్ష్యాలు వస్తాయి: ఈ బూత్‌కు ఇన్ని, ఈ డివిజన్‌కు ఇన్ని అని. లక్ష్యం అందుకుంటే గుర్తింపు దొరుకుతుంది, రేపు కార్పొరేటర్ టికెట్ అడగడానికి ఆధారమవుతుంది. దాంతో స్థానిక నాయకుడే తన జేబులోంచి వంద చొప్పున కట్టేసి వందలమందిని చేర్పిస్తాడు. ఇంట్లో ఒకరు ఓటీపీ చెబితే నలుగురూ సభ్యులైపోతారు. రెండు పార్టీల కార్డులూ ఉన్నవాళ్లు ఉంటారు; ఒక పార్టీ జాబితాను మరో పార్టీ జాబితాతో సరిచూసే వ్యవస్థ ఎక్కడా లేదు. గెలిచాక వెల్లువెత్తే సభ్యత్వాల్లో అభిమానమెంత, ముందుజాగ్రత్త ఎంత అన్నది ఏ యాప్ కూడా చెప్పలేదు.

లెక్క వేద్దాం. 2024లో రాష్ట్రంలో ఓటర్లు సుమారు 4.14 కోట్లు. కోటి సభ్యత్వాలంటే దాదాపు ప్రతి నలుగురు ఓటర్లలో ఒకరు. కోటిని వందతో గుణిస్తే 100 కోట్ల రూపాయలు. అందులోంచి బీమా ప్రీమియం పోతుంది. 20 వేలు మించిన విరాళాలు ఇచ్చినవాళ్ల పేర్లనే పార్టీలు ఎన్నికల సంఘానికి ఇవ్వాలి కాబట్టి వంద రూపాయల సభ్యుల పేర్లు ఏ ప్రభుత్వ పత్రంలోనూ కనిపించవు. ఆడిట్ లెక్కల్లో మొత్తం అంకె ఒక్కటే ఉంటుంది.

బీమా దగ్గర మరో చిక్కుంది. 2016లో మొదలైన చంద్రన్న బీమా, తర్వాత దాని స్థానంలో వచ్చిన వైఎస్సార్ బీమా ప్రభుత్వ పథకాలు. వాటిలోనూ ప్రమాద మరణానికి 5 లక్షలు. పార్టీ కార్డు మీద బీమా కూడా 5 లక్షలే. అంకె ఒకటే, ఇంటికి వచ్చి వివరాలు రాసుకున్నదీ ఇంచుమించు ఒకే తరహా మనిషి. ఇక తేడా ఎలా తెలుస్తుంది? ప్రభుత్వ బీమాకు పార్టీ సభ్యత్వం అక్కర్లేదు, పార్టీ బీమాకు రేషన్ కార్డు అక్కర్లేదు. పార్టీ బీమా బృంద ప్రమాద పాలసీ. గుండెపోటుతోనో జ్వరంతోనో పోతే ప్రమాద పాలసీ వర్తించదు. ప్రమాదమైతే ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం, నామినీ గుర్తింపు కావాలి. క్లెయిములు ఎక్కువగా ఆగిపోయేది నామినీ పేరు ఆధార్‌లోని పేరుతో కలవకపోవడం వల్ల, పోస్టుమార్టం చేయించకుండానే అంత్యక్రియలు ముగించడం వల్ల.

ఒకే మనిషికి రెండు టోపీలు: జన్మభూమి కమిటీల నుంచి వాలంటీర్ల దాకా

2014-19 మధ్య లబ్ధిదారుల ఎంపికలో జన్మభూమి - మా ఊరు కమిటీలది పైచేయి. సర్పంచ్, ఎంపీటీసీ సభ్యుడితోపాటు ‘సామాజిక కార్యకర్తలు’ అన్న పేరుతో నామినేట్ అయినవాళ్లూ ఉండేవారు. ఎన్నికైన సర్పంచ్ ప్రతిపక్షానివాడైనా సంతకం చేసే కమిటీలో అధికార పక్షం వాళ్లు ఉండటంతో పింఛను కావాలంటే వాళ్ల గడప తొక్కాల్సి వచ్చిందన్నది అప్పటి ప్రధాన ఫిర్యాదు.

2019 ఆగస్టు 15న వాలంటీర్ల వ్యవస్థ వచ్చింది. ఆ తర్వాత అక్టోబరు 2న సచివాలయాలు. గ్రామాల్లో 50 ఇళ్లకు, పట్టణాల్లో 50 నుంచి 100 ఇళ్లకు ఒక వాలంటీరు. గౌరవ వేతనం నెలకు 5,000. రాష్ట్రమంతటా సుమారు 2.6 లక్షల మంది. కమిటీల చుట్టూ తిరిగే అవస్థ తప్పింది. ఒకటో తారీఖు తెల్లవారుజామునే పింఛను ఇంటికొచ్చింది. కులం, ఆదాయం సర్టిఫికెట్ల దరఖాస్తులు గుమ్మంలోనే పూర్తయ్యాయి. ఈ మేలును కాదనడం నిజాయితీ కాదు. ముఖ్యంగా మంచంపట్టిన వృద్ధులున్న ఇళ్లకు అది చిన్న సంగతి కాదు.

చిక్కు వాలంటీరు హోదాలో ఉంది. అతను ప్రభుత్వ ఉద్యోగి కాదు, కాబట్టి ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు నేరుగా వర్తించవు. జీతం తీసుకోడు గానీ ఖజానా నుంచి గౌరవ వేతనం తీసుకుంటాడు. కుటుంబ వివరాలన్నీ అతని ఫోన్లో ఉంటాయి. ఉద్యోగికి ఉండే బాధ్యత లేదు, కార్యకర్తకు లేని అధికారం ఉంది. రాజకీయం చేయకూడదని ఉద్యోగికి చెప్పే నిబంధన, ప్రభుత్వ సమాచారం ముట్టుకోకూడదని కార్యకర్తకు చెప్పే నిబంధన, రెండూ అతన్ని తప్పించుకుపోయాయి.

తర్వాతి మెట్టు ఇంకా ముఖ్యమైంది. అప్పటి అధికార పార్టీ వైఎస్సార్సీపీ ప్రతి వాలంటీరు పరిధికీ ఇద్దరు గృహ సారథులను, ప్రతి సచివాలయానికీ ముగ్గురు కన్వీనర్లను పార్టీ తరఫున నియమించింది. 2.6 లక్షల క్లస్టర్లకు ఇద్దరు చొప్పున 5.2 లక్షలు, 15,004 సచివాలయాలకు ముగ్గురు చొప్పున 45 వేలు. పార్టీ మ్యాపు అచ్చంగా ప్రభుత్వ మ్యాపు మీదే గీసినట్టయింది. 2023 ఏప్రిల్‌లో పార్టీ కార్యక్రమం ‘జగనన్నే మా భవిష్యత్తు’ కింద తలుపులకు స్టిక్కర్లు అంటించి, మిస్డ్ కాల్ ఇప్పించారు. అంతకుముందు ఏడాది మే నుంచి నడిచిన ‘గడప గడపకు మన ప్రభుత్వం’ మాత్రం ప్రభుత్వ కార్యక్రమం. దానికి సచివాలయానికి 20 లక్షల చొప్పున, అంటే సుమారు 3,000 కోట్లు పనుల కోసం కేటాయించారు. గుమ్మం దగ్గర నిలబడిన గృహిణికి మొదటిది పార్టీది, రెండోది ప్రభుత్వానిది అని విడిగా తెలిసే అవకాశం ఎంత? వచ్చే ముఖాలు చాలావరకు అవే.

2024 మార్చి 30న కేంద్ర ఎన్నికల సంఘం వాలంటీర్లతో నగదు పంపిణీ చేయించవద్దని, వాళ్ల దగ్గరున్న ఫోన్లు, ట్యాబ్‌లు జిల్లా ఎన్నికల అధికారికి అప్పగించాలని ఆదేశించింది. ఎందరో వాలంటీర్లు రాజీనామా చేసి బాహాటంగా ప్రచారంలోకి దిగారు. ఏప్రిల్ ఎండల్లో వృద్ధులు సచివాలయాల దగ్గర బారులు తీరారు. మే నెలది బ్యాంకు ఖాతాల్లో వేశారు. గీత చెరిపిన కాలంలో లాభపడింది పార్టీ, దాన్ని మళ్లీ గీసిన రోజున ఎండలో నిలబడింది మాత్రం పింఛనుదారులు. ఆ జూలై 1న మంగళగిరి పక్కన పెనుమాక నుంచి మొదలుపెట్టి సచివాలయ ఉద్యోగులతోనే ఇళ్ల దగ్గర పంపిణీ సాగింది. పింఛను ఇంటికి చేరడానికి వాలంటీరే కావాలన్న వాదన అప్పుడు నిలవలేదు. మిగతా సేవలకు ఇంటి ముందుకొచ్చే మనిషి పోయాడన్న బాధ మాత్రం జనంలో ఉండిపోయింది.

ఇది రాష్ట్ర పార్టీల జబ్బు మాత్రమే అనుకోనక్కర్లేదు. 2023లో కేంద్రం తన పథకాల ప్రచారానికి తలపెట్టిన వికసిత్ భారత్ సంకల్ప యాత్రకు సీనియర్ అధికారులను ‘రథ్ ప్రభారీ’లుగా (ప్రచార రథాల బాధ్యులుగా) నియమించబోతే, ఎన్నికలున్న రాష్ట్రాల్లో అది కుదరదని ఎన్నికల సంఘం చెప్పాల్సి వచ్చింది.

ఓడిన చోట కూడా నడిచే మాట: ఇన్‌చార్జిలు, నామినేటెడ్ పదవులు

ఎమ్మెల్యే ప్రతిపక్షంవాడైతే ఆ నియోజకవర్గంలో అధికార పార్టీ ‘ఇన్‌చార్జి’ ఉంటాడు. రాజ్యాంగంలో గానీ ఏ చట్టంలో గానీ ఈ పదవి లేదు. కానీ శంకుస్థాపనల్లో కొబ్బరికాయ కొట్టేది ఆయన, ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కులు పంచేది ఆయన, సీఐ బదిలీకి ‘లెటర్’ ఇచ్చేది ఆయన. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇది మారలేదు. సభ్యత్వం, బీమా కంటే ఇదే ఎక్కువ లోతైన మసక అని నా అభిప్రాయం. ఇక్కడ ఓటరు తీర్పే పక్కకు పోతోంది.

నామినేటెడ్ పదవుల సంగతి వేరు. అవి చట్టబద్ధమైనవి. గుంటూరు మిర్చి యార్డు పాలకవర్గాన్ని, ఇంద్రకీలాద్రి మీది దుర్గగుడి ట్రస్టు బోర్డును నియమించే అధికారం ప్రభుత్వానికే ఉంది. పార్టీ కోసం పనిచేసినవాళ్లకు ఆ పదవులు రావడంలో చట్టవిరుద్ధం ఏమీ లేదు. కానీ యార్డు చైర్మన్ ఎవరైనా ఆయన ముందున్న పని కాటాల తనిఖీ, కమీషన్ ఏజెంట్ల లైసెన్సులు, మార్కెట్ రుసుము వసూలు. ఈ పనుల్లో రైతుకూ వ్యాపారికీ పార్టీ చూసి తేడా చూపిస్తేనే సమస్య. పదవి పార్టీ వల్ల వచ్చినా, అందులో కూర్చున్న రోజు నుంచి చేసేది రాజ్యం పని.

జనసమీకరణ ఇంకో చోటు. ముఖ్యమంత్రి సభ ప్రభుత్వానిదైతే ఆర్టీసీ బస్సుల కిరాయి ప్రభుత్వం భరిస్తుంది, పార్టీ సభ అయితే పార్టీ కట్టాలి. డ్వాక్రా సంఘాల మహిళలను తీసుకురమ్మని పట్టణాల్లో ఆ సంఘాల పని చూసే ఆర్పీలకు (రిసోర్స్ పర్సన్లకు) ఫోన్లు వెళ్తాయి. సభ ప్రభుత్వానిదే అయినా, వేదిక మీద మాటలు ప్రతిపక్షాన్ని తిట్టడం మీదే నడిస్తే ఆ కిరాయి ఎవరి ఖాతాలో పడాలి? ఆడిట్‌లో దీనికి గడి లేదు.

రంగులు, పేర్లు, ఫొటోలు, పార్టీ ఆఫీసులు

ఈ గొడవలు అందరికీ తెలిసినవే కాబట్టి క్లుప్తంగా. పంచాయతీ భవనాలకు అధికార పార్టీ రంగులు వేయడాన్ని 2020 మార్చిలో హైకోర్టు తప్పుపట్టింది. కొత్త రంగు ఒకటి కలిపి మళ్లీ జీవో ఇస్తే దాన్నీ కొట్టేసింది. జూన్ 3న సుప్రీంకోర్టు నాలుగు వారాల్లో తొలగించమంది. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం 2022లో వైఎస్సార్ పేరుకు మారి, 2024లో తిరిగి ఎన్టీఆర్ పేరుకు వచ్చింది. పట్టాదారు పాసుపుస్తకాల మీద ముఖ్యమంత్రి ఫొటో పోయి రాజముద్ర వచ్చింది.

ఫొటోల మీద న్యాయస్థానాల మాట ఒకటే అనుకుంటే పొరపాటు. 2015 మేలో సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫొటోలే ఉండాలంది. 2016 మార్చిలో ముఖ్యమంత్రులు, గవర్నర్లు, మంత్రులకు కూడా అనుమతిచ్చింది. 2025 ఆగస్టులో తమిళనాడు పథకం పేరులో ముఖ్యమంత్రి స్టాలిన్ పేరు వాడటం మీద మద్రాసు హైకోర్టు పెట్టిన నిషేధాన్ని కొట్టేసి, పిటిషన్ వేసిన ప్రతిపక్ష అన్నాడీఎంకే ఎంపీకి 10 లక్షల ఖర్చులు విధించింది. పేర్లు పెట్టడం అన్ని పార్టీలూ చేసేదేనని, ఒక్కరినే ఎంచుకుని కోర్టుకు రావడం సరికాదని కోర్టు ఉద్దేశం.

ఆఫీసుల విషయంలో ఇరుపక్షాలదీ ఒకే దారి. ప్రభుత్వ స్థలం నామమాత్రపు లీజుకు తీసుకోవడం. మంగళగిరి దగ్గర ఆత్మకూరులోని టీడీపీ కేంద్ర కార్యాలయం ఉన్నది లీజు స్థలంలోనే. వైఎస్సార్సీపీ హయాంలో జిల్లా ఆఫీసులకు ఎకరాకు ఏడాదికి 1,000 రూపాయల చొప్పున 33 ఏళ్ల లీజులు ఇచ్చుకున్నారు. తాడేపల్లిలో ఆ పార్టీ కడుతున్న భవనాన్ని 2024 జూన్ 22న సీఆర్‌డీఏ కూల్చేసింది. అద్దె నిర్ణయించేవాళ్లూ అద్దెకు దిగేవాళ్లూ ఒకరే అయినప్పుడు ఆ ధర ఎంత న్యాయమైనదో ఎవరు తేల్చాలి?

ఇరువైపుల వాదనలు

పార్టీలు చెప్పేదాంట్లో బలం ఉంది. మేనిఫెస్టో పెట్టి, ఓట్లడిగి గెలిచాం. ఆ హామీలు అందుతున్నాయో లేదో ఇంటింటికీ వెళ్లి అడిగే మనిషి మాకు కావాలి. అధికారి ఆఫీసులో కూర్చుంటాడు, మూడేళ్లకు బదిలీ అవుతాడు. మా కార్యకర్త ఆ వీధిలోనే ఉంటాడు, అర్ధరాత్రి 108కి ఫోన్ చేసేదీ అతనే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు పడవల్లో పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు చేరవేసినవాళ్లలో అన్ని పార్టీలవాళ్లూ ఉన్నారు. ఆ సమయంలో ఎవరిది పార్టీ, ఎవరిది ప్రభుత్వమని గీత గీస్తూ కూర్చుంటే మనుషులు ఆకలితో ఉండేవారు.

ఎదుటివాళ్ల మాటా అంతే బరువైనది. అడగడం వేరు, ఆపగలనన్న భావన కలిగించడం వేరు. అదే వరదలో కింది అంతస్తు ఇళ్లకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు పరిహారం ప్రకటించాక ఎన్యూమరేషన్ జాబితా, అంటే నష్టపోయినవాళ్ల పేర్లు రాసిన జాబితా ముఖ్యమైంది. పేరు లేనివాళ్లు ఎవరి దగ్గరకు వెళ్లాలి? సచివాలయానికి వెళ్లి అర్జీ ఇస్తే పని జరుగుతుందన్న నమ్మకం ఉంటే అక్కడికే వెళ్తారు. పార్టీ నాయకుడు చెబితేనే పేరు ఎక్కుతుందనుకుంటే ఆయన ఇంటికి వెళ్తారు. పాలు పంచడం సహాయం. జాబితాలో పేరు ఎక్కించడం రాజ్యాధికారం. మొదటిది ఎవరైనా చేయవచ్చు, రెండోది సంతకానికి జవాబుదారీ ఉన్న ఉద్యోగి మాత్రమే చేయాలి.

ఉద్యోగుల బాధ మూడోది, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. నాయకుడి మాట కాదంటే బదిలీ, వింటే ప్రభుత్వం మారాక విచారణ.

చట్టం కాపలా కాసే 83 రోజులు

అధికార పార్టీ ప్రభుత్వ యంత్రాంగాన్ని వాడుకోకుండా అడ్డుకునే నిబంధనలు ఎన్నికల ప్రవర్తనా నియమావళి ఏడో భాగంలో ఉన్నాయి. ఆ భాగం 1979లో చేరింది. మంత్రి అధికారిక పర్యటనను ప్రచారంతో కలపకూడదు, ప్రభుత్వ వాహనాలు, అతిథి గృహాలు పార్టీ పనికి వాడకూడదు, ఖజానా సొమ్ముతో ప్రకటనలు ఇవ్వకూడదు. 2024లో ఈ నియమావళి మార్చి 16 నుంచి జూన్ 6 దాకా అమల్లో ఉంది. లెక్కపెడితే 83 రోజులు. ఐదేళ్లకు 1,826 రోజులు. అంటే నూటికి నాలుగున్నర పాళ్ల కాలం. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలప్పుడు రాష్ట్ర ఎన్నికల సంఘం కోడ్ మరికొన్ని రోజులు కలుపుతుంది. సభ్యత్వ నమోదు, గృహ సారథుల నియామకం, స్టిక్కర్లు, యాప్‌లు అన్నీ జరిగేవి మిగిలిన కాలంలోనే.

ఆ మిగిలిన కాలానికి చట్టం అసలే లేదని కాదు. ఉద్యోగులు రాజకీయాల్లో పాల్గొనకూడదని 1964 నాటి ప్రవర్తనా నియమావళి చెబుతుంది. అభ్యర్థి గెజిటెడ్ అధికారుల సాయం తీసుకుంటే ప్రజాప్రాతినిధ్య చట్టం 123(7) కింద అవినీతి చర్య. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నికను రద్దు చేసింది దీని కిందే. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి, ఉద్యోగి విధి నిర్వహణలో భాగంగా చేసిన ఏర్పాట్లను మినహాయించారు. ప్రజాధనంతో, ప్రభుత్వ స్థలాల్లో పార్టీ గుర్తును ప్రచారం చేయకూడదని 2016 అక్టోబరులో ఎన్నికల సంఘం ఆదేశించింది. ఉత్తరప్రదేశ్‌లో బీఎస్పీ గుర్తయిన ఏనుగు విగ్రహాల మీద ఢిల్లీ హైకోర్టు తీర్పు దానికి మూలం. గుర్తింపు పొందిన పార్టీ నియమావళిని లెక్కచేయకపోతే ఆ గుర్తింపును రద్దు చేసే అధికారం కూడా 1968 గుర్తుల ఉత్తర్వులోని 16ఎ పేరాలో ఉంది. ఇవన్నీ ఉద్యోగినీ అభ్యర్థినీ గుర్తునూ పట్టుకుంటాయి. గౌరవ వేతనం తీసుకునేవాడినీ, ఇన్‌చార్జినీ, జాబితానూ పట్టుకోవు.

జాబితా: కంటికి కనబడని మసక

రంగుల మీద జరిగినంత చర్చ జాబితాల మీద జరగలేదు. గోడ రంగు అందరికీ కనిపిస్తుంది, కోర్టు చెబితే నాలుగు వారాల్లో పోతుంది. ఫోన్లోంచి ఫోన్లోకి వెళ్లిన జాబితాను వెనక్కి తెచ్చే మార్గం లేదు.

పార్టీకి చట్టబద్ధంగా దొరికే సమాచారం ఏమిటో ముందు చూద్దాం. ఓటరు జాబితాను గుర్తింపు పొందిన పార్టీలకు ఎన్నికల సంఘమే ఇస్తుంది. అందులో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, కార్డు నంబరు ఉంటాయి. సామాజిక తనిఖీ కోసం పథకాల లబ్ధిదారుల పేర్లు సచివాలయాల బోర్డుల మీద పెడతారు. ఎవరైనా చూసి రాసుకోవచ్చు. ఈ రెంటిలోనూ ఫోన్ నంబరు ఉండదు. కాబట్టి ‘అమ్మా, మీకు ఫలానా పథకం కింద ఇంత వచ్చింది కదా, మా పార్టీకి...’ అని ఇంట్లో ఫోన్ మోగితే అడగాల్సింది ఒక్కటే. పథకం వివరమూ ఫోన్ నంబరూ పక్కపక్కన ఉన్న జాబితా వాళ్లకు ఎక్కడిది? అలా రెండూ కలిసి ఉండేది ప్రభుత్వ డేటాబేస్‌లోనే.

అక్కడి నుంచే వచ్చిందని వెంటనే తీర్మానించడమూ తప్పే. మీరు ఎప్పుడో ఇచ్చిన మిస్డ్ కాల్, సభ్యత్వం కోసం చెప్పిన ఓటీపీ, కార్యకర్త సర్వేలో రాసుకున్న నంబరు, ఇవన్నీ పార్టీ సొంత మార్గాలు. వాటిని బోర్డు మీది పేర్లతో కలిపితే అదే జాబితా తయారవుతుంది. మూడో మార్గం వాట్సాప్ గ్రూపు. వాలంటీర్లు తమ ఇళ్లవాళ్లతో గ్రూపులు పెట్టుకున్నారు. ట్యాబ్ వెనక్కిచ్చినా, పదవి పోయినా గ్రూపూ అందులోని నంబర్లూ సొంత ఫోన్లో ఉండిపోయాయి. అవి ప్రభుత్వ సమాచారమా, వ్యక్తిగత పరిచయాలా? ఏ జీవో దీనికి జవాబు చెప్పలేదు.

2019 మార్చిలో టీడీపీ సేవామిత్ర యాప్ విషయంలో తెలంగాణ పోలీసులు పెట్టిన కేసు సారాంశం కూడా ఇదే: ప్రభుత్వం దగ్గర ఉండాల్సిన ఆధార్, లబ్ధిదారుల వివరాలు పార్టీ యాప్‌లోకి చేరాయన్న ఆరోపణ. పార్టీ దాన్ని ఖండించింది. 2019 తర్వాత వాలంటీర్లు సేకరించిన సమాచారం మీద ఎదుటి పక్షం చేసిన ఆరోపణ కూడా అచ్చం ఇలాంటిదే. పాత్రలు తారుమారయ్యాయి, ప్రశ్న మారలేదు.

పార్టీ, ప్రభుత్వం ఒకే గుమ్మంలో కలిసినా గీత చెరగకుండా చూసుకోవచ్చని చెప్పే ఏర్పాటు ఒకటి ఇప్పటికే ఉంది. ఓటరు నమోదులో బూత్ స్థాయి అధికారి ప్రభుత్వ మనిషి, బూత్ స్థాయి ఏజెంటు పార్టీ మనిషి. ఏజెంటును పార్టీ లిఖితపూర్వకంగా నియమించాలి. అతను ఫారాలు తెచ్చి ఇవ్వవచ్చు, సాధారణ రోజుల్లో రోజుకు 10 మించకూడదు. అవి సరైనవేనని హామీ రాసివ్వాలి. ఇంటికి వెళ్లి విచారించి తేల్చేది అధికారి పని. అన్ని పార్టీలకూ ఏజెంటును పెట్టుకునే అవకాశం సమానం. పథకాల విషయంలో ఇలాంటి ఏర్పాటు లేదు. కార్యకర్త అర్జీ రాసిపెట్టడానికి పరిమితి లేదు, పెట్టాడన్న రికార్డూ లేదు, ప్రతిపక్ష కార్యకర్తకు అదే పని చేసే వీలుందో లేదో చెప్పే నిబంధనా లేదు.

చట్టం వైపు నుంచి కొత్తగా వస్తున్నది 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. సబ్సిడీ, పథకం ఇవ్వడం కోసం ప్రభుత్వం మన సమాచారాన్ని విడిగా సమ్మతి అడగకుండానే వాడుకోవచ్చని అది చెబుతుంది. పార్టీలకు ఆ వెసులుబాటు లేదు. సభ్యత్వం కోసం తీసుకున్న నంబరును మరో పనికి వాడాలంటే మళ్లీ సమ్మతి కావాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు, వివరాలు తొలగించమని అడగవచ్చు. సమాచార భద్రతలో విఫలమైతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే. ఆ తర్వాత రాష్ట్రంలో జరిగే అసెంబ్లీ ఎన్నికలు, గడువు ప్రకారం జరిగితే, 2029వి. ఇప్పుడు యాప్‌లలోకి ఎక్కుతున్న సభ్యత్వ వివరాలను పార్టీలు ఆ చట్టం కిందే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.